మెట్ల మీద ఎవరూ లేరు

గోదావరి కాలవ ఆ డిగ్రీ కాలేజీ వెనక గోడను రాసుకుంటూ పారుతుంది. రెండో అంతస్తులోని కెమిస్ట్రీ ల్యాబు కిటికీ తెరిస్తే కళ్ళనిండా నీళ్ళే. కుళాయి తెరిస్తే మాత్రం గాలి. మేడ మీది ట్యాంకుకి నీళ్ళెక్కించే మోటారు ఎప్పుడో కాలిపోయింది. దాన్ని బాగుచేయించే విషయం అప్పటినుంచీ పరిశీలనలో ఉంది. సర్కారువారు పరిశీలనలో పెట్టిన వస్తువు అంత తేలిగ్గా బయటికి రాదు.

ఇన్నాళ్ళూ ల్యాబు అటెండరు నూకరత్నం బిందెలతో మోసుకొచ్చిన నీళ్ళతోనే కెమిస్ట్రీ లెక్చరర్ హైమవతి నెట్టుకొచ్చింది. ఈ ఏడు నూకరత్నం మోకాళ్ళు మొరాయించాయి. అది చాలదన్నట్టు పైనుంచి ఓ తాఖీదు దిగింది. ఈసారి ప్రాక్టికల్ పరీక్షలు నీళ్ళ వసతితో సహా సవ్యంగా జరగకపోతే కెమిస్ట్రీ గ్రూపు ఎత్తేసి జిల్లా కేంద్రంలోని కాలేజీలో కలిపేస్తారట. ఆ గ్రూపులో చదివేది గోదావరి మధ్య లంకల నుంచి పడవ మీద దాటి వచ్చే ఆడపిల్లలు. వాళ్ళని ఇళ్ళలో ఇంతదూరం పంపించడమే గగనం, జిల్లా కేంద్రానికి ఎవరూ పంపరు. గ్రూపు పోతే ఆ పిల్లల చదువులకి మంగళమే. ఆ తాఖీదు విన్న రోజు హైమవతికి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ చిదంబరేశ్వరరావుగారి గదిలోకి వెళ్ళి కుళాయి సంగతి ఎత్తింది. ఆయన ప్రభుత్వ పాలనా శాస్త్రంలో పండితుడు. ఎవరేం అడిగినా కాదనరు, అవుననరు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. ఆ రోజు మాత్రం కళ్ళజోడు జోలికి పోకుండా పొంగిపోతూ కూర్చున్నారు. ఇది క్వాంటం సంవత్సరమనీ, ప్రతి కళాశాలా తన పరిపాలనలో క్వాంటం స్ఫూర్తిని నింపుకోవాలనీ, బాగా నింపుకున్న కళాశాలకి పురస్కారం ఉందనీ పైవాళ్ళు ఆయనకి ఫోన్ చేసి చెప్పారు. క్వాంటం అంటే ఏమిటో పైవాళ్ళు చెప్పలేదు. అడగడం మర్యాద కాదని ఈయనా అడగలేదు.

"మీరు సిబ్బందికి దానిమీద ఓ ఉపన్యాసం ఇవ్వండి, నేను మీకు కుళాయి ఇస్తాను," అన్నారాయన.

హైమవతి ఆ మాట నమ్మింది. నీళ్ళు కావలసిన మనిషి ఏ మాటైనా నమ్ముతుంది. ఆ సాయంత్రమే మీటింగు హాల్లో నిలబడి పరమాణువు కథంతా చెప్పింది. మొదట డాల్టన్ దాన్ని పగలని గట్టి గోళీ అనుకోవడం, తర్వాత థామ్సన్ పుచ్చకాయలో గింజల్లా ఎలక్ట్రాన్లని పొదగడం, రూథర్‌ఫర్డ్ మధ్యలో కేంద్రకం పెట్టి మిగతాదంతా ఖాళీ అనడం, బోర్ కక్ష్యలు గీయడం, చివరికి ఆ కక్ష్యలూ చెరిగిపోయి, చూసేదాకా ఎక్కడుందో చెప్పలేని ఉత్త మబ్బు మిగలడం. ఒక్కొక్కరూ ముందువాళ్ళ పొరపాటు దిద్దుకుంటూ రావడమే సైన్సంటే అని ముగించింది. చాలా బాగా చెప్పింది. అదే ఆమె చేసిన పొరపాటు.

చిదంబరేశ్వరరావుగారు లేచి, మేడంగారు అత్యంత విపులమైన అమలు ప్రణాళికను మనముందుంచారని అభినందించారు. ఏకాఎకీ క్వాంటంలోకి దూకితే ఆడిట్ అభ్యంతరాలు వస్తాయనీ, కాబట్టి దశలవారీగా డాల్టన్ దగ్గర మొదలుపెట్టి యథాక్రమంగా ముందుకు పోదామనీ ప్రకటించారు. అప్పటికప్పుడు వ్యాయామ బోధకుడు వీర్రాజును క్వాంటం అమలు అధికారిగా నియమించారు. కాలేజీ మొత్తానికి విజిల్ ఉన్నది అతనొక్కడికే.

సోమవారం డాల్టన్ దశ మొదలైంది. పరమాణువు విభజించరానిది కనక కళాశాలలో విభాగాలు ఉండరాదన్నారు. అన్ని క్లాసులనీ ఒకే హాల్లో కూర్చోబెట్టి అందరు లెక్చరర్లనీ ఒకేసారి పాఠం చెప్పమన్నారు. ఓ మూల తెలుగు మాస్టారు ఉత్పలమాల పాడుతుంటే, పక్కన ఎకనామిక్స్ ఆయన ద్రవ్యోల్బణం లేవదీశారు, వాళ్ళిద్దరి మధ్య జువాలజీ మేడం కప్పని కోశారు. పిల్లలు ఏ ముక్క ఎవరిదో తెలియక మొత్తం రాసుకున్నారు. కుళాయి మాటేమిటని హైమవతి గుర్తుచేసింది. విభాగమే లేనప్పుడు దానికి కుళాయి ఎలా మంజూరు చేస్తామని ప్రిన్సిపాల్ నొచ్చుకున్నారు.

తర్వాతిది పుచ్చకాయ దశ. లెక్చరర్లని గింజల్లాగా ప్రాంగణమంతటా సమంగా చల్లారు. వీర్రాజు టేపు పట్టుకుని కొలిచి ఒక్కొక్కరినీ ఒక్కొక్క చోట నాటాడు. హిస్టరీ మాస్టారికి క్యాంటీను వంటగది దక్కింది, ఆయన ఆ దశ అయిపోయాక కూడా అక్కణ్ణుంచి కదలలేదు. హైమవతికి సైకిల్ స్టాండు వచ్చింది. గింజ తనంతట తాను కుళాయి దగ్గరికి నడవరాదని వీర్రాజు ఎంతో మర్యాదగా చెప్పాడు.

రూథర్‌ఫర్డ్ దశలో ఆటస్థలం మధ్య షామియానా వేసి, కింద ప్రిన్సిపాల్‌గారి బల్ల పెట్టి, దాన్ని కేంద్రకమన్నారు. పరమాణువులో అంతా ఖాళీయే కాబట్టి తరగతి గదులు ఖాళీగా ఉండటం శాస్త్రీయమేనని తేలింది. హాజరు తక్కువైందని అంతవరకూ వచ్చిన మెమోలన్నిటికీ ఆయన ఈ ఒక్క సమాధానమే పంపారు. లెక్చరర్లు షామియానా చుట్టూ తిరగాలి. పదకొండింటికల్లా ఎండ చుర్రుమంది. అలా తిరిగే ఎలక్ట్రాను శక్తి కోల్పోయి కేంద్రకంలో పడిపోతుందనీ, ఈ నమూనాకి వచ్చిన చిక్కే అదనీ హైమవతి ఉపన్యాసంలో చెప్పనే చెప్పింది. కామర్స్ మాస్టారు ముందు పడ్డారు. మధ్యాహ్నానికి సిబ్బంది మొత్తం షామియానా కిందికి, అందులోనూ ఫ్యాను కిందికి చేరిపోయింది. చిదంబరేశ్వరరావుగారు కించిత్తు కూడా నొచ్చుకోలేదు, సరికదా చప్పట్లు కొట్టారు. సిద్ధాంతంలో ఉన్న లోపం కూడా మన కళాశాలలో తూచా తప్పకుండా అమలైందని పైకి రాశారు. పైనుంచి శభాష్ అని వచ్చింది.

దాంతో బోర్ దశకి రెక్కలొచ్చాయి. కింది అంతస్తు ఒక కక్ష్య, మొదటి అంతస్తు మరో కక్ష్య, రెండోది ఇంకొకటి. ఎలక్ట్రాను ఈ కక్ష్యలో ఉంటుంది, లేదా ఆ కక్ష్యలో ఉంటుంది, మధ్యలో ఎక్కడా ఉండదు. ఇది విన్న ప్రిన్సిపాల్ ఓ గంటసేపు తలుపేసుకుని ఆలోచించి, మెట్ల గురించి సర్క్యులర్ జారీచేశారు. మామూలు అధికారి అయితే మెట్ల మీద ఎవరూ నిలబడకూడదు అని రాసేవాడు. ఈయన సిద్ధాంతం తెలిసినవాడు. "అంతస్తుల మధ్య ఏ వ్యక్తీ ఉండడు. మెట్లపై ఎవరైనా కనబడినచో వారు లేరని భావించవలెను. లేనివారితో మాట్లాడుట, వారిని ఆపుట, పేరు పెట్టి పిలుచుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును" అని రాశారు. దాన్ని వీర్రాజు ప్రతి మలుపులోనూ అతికించాడు.

ఒక అంతస్తు పైకెక్కడానికి ఒక టీ ఇచ్చేవారు. శక్తి పొట్లాలుగానే వస్తుంది కాబట్టి సగం టీ తాగినవాళ్ళని కదలనిచ్చేవారు కాదు. దిగేటప్పుడు ఎలక్ట్రాను వెలుగు చిమ్ముతుంది కాబట్టి దిగేవాళ్ళంతా సెల్‌ఫోను లైటు వేసుకుని దిగాలి. పట్టపగలు లెక్చరర్లు టార్చిలైట్లతో మేడ దిగుతుంటే, కాలేజీలో ఏదో తప్పిపోయిందని ఊళ్ళో పుకారు లేచింది. మెట్ల మీద ఎవరూ లేరన్న మాట బయటికి పొక్కగానే కాలేజీలో జనం ఎక్కువున్నది మెట్ల మీదే అయింది. కాపీ చీటీలు, ప్రేమలేఖలు, పకోడీ పొట్లాలు అన్నీ అక్కడే చేతులు మారాయి. వీర్రాజు ఆ పక్కనుంచి తల వంచుకుని పోయేవాడు. ఒకనాడు వాళ్ళబ్బాయే అక్కడ సిగరెట్టుతో కనపడ్డాడు. సర్క్యులర్ అడ్డొచ్చి ఏమీ అనలేక, ఇంటికెళ్ళేదాకా పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాడు.

ఇంతలో పరీక్షలు నెత్తిమీదికి వచ్చాయి. హైమవతి స్వేదనజలం సీసాలు కొన్ని దాచి ఉంచింది. ద్రావణాలకి అవి చాలు. గొట్టాలు కడగడానికీ, చేతిమీద ఆసిడ్ ఒలికితే పోసుకోవడానికీ నీళ్ళు ఎక్కణ్ణుంచి తేవాలి? రాత్రీ పగలూ ఆమెకి అదే ధ్యాస. కుళాయి తిప్పి చూసింది. నిట్టూర్పు లాంటి గాలి వచ్చింది. తిన్నగా ప్రిన్సిపాల్ దగ్గరికి దిగింది, లైటు కూడా వేసుకోకుండా.

అప్పటికి కాలేజీ క్వాంటం దశలోకి వచ్చేసింది. ఫలానా లెక్చరర్ ఎక్కడున్నారో తెలిస్తే ఏం చేస్తున్నారో తెలియకూడదు, ఏం చేస్తున్నారో తెలిస్తే ఎక్కడున్నారో తెలియకూడదు. ఈ ఒక్క నిబంధన మాత్రం సిబ్బందికి అలవాటైనదే కావడంతో ఏకగ్రీవంగా ఆమోదించారు. చిదంబరేశ్వరరావుగారు ఆమె చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"కుళాయి మీరే స్వయంగా తిప్పారా?"

"నేనే తిప్పానండి. చుక్క లేదు."

"అదీ సంగతి. తిప్పనంతసేపూ అందులో నీరు ఉన్నదీ, లేనిదీ కూడాను. సగం ఉన్నట్టు లెక్క. మీరు తిప్పి చూసి, ఆ సగం కూడా లేకుండా చేశారు. ఇది ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించడం కిందికి వస్తుంది మేడం. తెలియక చేశారు కనక వదిలేస్తున్నాను."

 తను ఉపన్యాసంలో చెప్పిన మాటలే తిరిగి తన నెత్తిమీద పడుతుంటే, ఏడవాలో నవ్వాలో హైమవతికి అర్థం కాలేదు. చివరికి నవ్వే వచ్చింది, కళ్ళలో నీళ్ళతో.

కుళాయికి ఆ మధ్యాహ్నమే గుడ్డ చుట్టి లక్క ముద్ర వేశారు. నీటి వసతి యాభై శాతమని పైకి నివేదిక పోయింది. ప్రాక్టికల్స్‌కి నూరు శాతం ఉండాలని పైనుంచి కొర్రీ వచ్చింది. కాలేజీ అంతా ఇక అయిపోయిందనుకుంది. చిదంబరేశ్వరరావుగారు మాత్రం చెక్కు చెదరలేదు. గోడకి ఇవతలి పక్క ఇంకో కుళాయి బిగించమన్నారు. దానికి గొట్టం ఎక్కడినుంచి కలపాలని మేస్త్రీ అడిగితే, గొట్టం కలిపితే ఫలితం ముందే తెలిసిపోతుందని కోప్పడ్డారు. రెండో కుళాయికీ లక్క వేశారు. యాభై, యాభై కలిపి నూరు శాతం. ఆ కూడికలో పైవాళ్ళకి తప్పేమీ కనిపించలేదు. ధ్రువపత్రం వచ్చింది, దాన్ని ఫ్రేము కట్టించి రెండు కుళాయిల మధ్య తగిలించారు.

ఆ వెంటే మరో ఉత్తర్వు దిగింది. నూరు శాతం నీరున్న ల్యాబులోకి బిందెతో నీళ్ళు తేవడమంటే కుళాయిల్ని శంకించడమే కాబట్టి ఏ అంతస్తులోనూ, వరండాలోనూ, ఆవరణలోనూ బిందె గానీ బకెట్టు గానీ కనబడరాదు. కనబడితే స్వాధీనం చేసుకోమని వీర్రాజుకి ఆజ్ఞ. నూకరత్నం ఇత్తడి బిందె అలాగే పోయింది. అది ఆమె అత్తగారిది. ఆ సాయంత్రం నూకరత్నం ల్యాబు గుమ్మంలో కూలబడి, బిందె కోసం ఏడ్చింది. హైమవతి ఆమె పక్కనే కూర్చుంది. ఈ వెర్రికి తనే విత్తనం వేసిందన్న బాధ ఆమెని తొలిచేస్తోంది. ఇంతమంది పిల్లల చదువు తన నోటి దురదవల్ల గంగపాలవుతోందనిపించింది.

గుమ్మానికి ఎదురుగా వెనకవైపు మెట్లు. కాలవ గట్టు మీద ఊరి కుళాయి దగ్గర మొదలై, కాలేజీ గోడ వెంబడే పైకి లేచి, సరిగ్గా ఈ ల్యాబు గుమ్మం దగ్గర ఆగుతాయి. గోడ మీద వీర్రాజు అతికించిన సర్క్యులర్ గాలికి రెపరెపలాడుతోంది. ఆమె దాన్ని చదివింది. మళ్ళీ చదివింది. లేచి చీర కొంగు బిగించింది.

పరీక్షనాడు జిల్లా కేంద్రం నుంచి ఎగ్జామినర్‌గారు వచ్చారు. తెల్లని చొక్కా, చేతిలో గొడుగు, ముఖాన అనుమానం. ప్రిన్సిపాల్ ఆయనకి ధ్రువపత్రం చూపించి, కుళాయిలు మాత్రం తిప్పరాదని వినయంగా మనవి చేసి, తన గదికి వెళ్ళిపోయారు. ఆయన అటు వెళ్ళగానే హైమవతి రెండో బ్యాచి పిల్లలకి సైగ చేసింది. లంకల పిల్లలు. వరదలప్పుడు ఇసక బస్తాలు అందించుకున్న చేతులు వాళ్ళవి. మెట్టుకొకరు చొప్పున కింద కుళాయి నుంచి పై గుమ్మం దాకా బారులు తీరారు. ఒక్కరి పాదమూ నేల మీద గానీ, అంతస్తు మీద గానీ లేదు. కింది మెట్టు మీద నిలబడే కుళాయి అందుకోవచ్చు, పై మెట్టు మీద నిలబడే ల్యాబులో తొట్టిలోకి గుమ్మరించవచ్చు. గట్టు మీది ఇళ్ళలో అడిగి తెచ్చిన బకెట్లు గలగలలాడుతూ ఎక్కడం మొదలుపెట్టాయి.

ఆ చప్పుడికి వీర్రాజు పరుగెత్తుకొచ్చాడు. విజిల్ నోట్లో పెట్టుకున్నాడు, ఊదలేదు. మెట్లకి ఎదురుగా నిలబడి పైకీ కిందకీ చూశాడు.

"మేడంగారండి, ఇయ్యి బకెట్లే కదండీ?" అని గట్టు మీంచి కేకేశాడు.

హైమవతి పై మెట్టు మీదే ఉంది. ఆమె పలకలేదు. లేని మనిషి ఎలా పలుకుతుంది?

వీర్రాజు ఒళ్ళు జలదరించింది. తను లేనివాళ్ళతో మాట్లాడాడు. విజిల్ జేబులో వేసుకుని, వెళ్ళి ప్రిన్సిపాల్‌ని వెంటబెట్టుకొచ్చాడు. చిదంబరేశ్వరరావుగారు నల్లకోటు సవరించుకుంటూ మొదటి మెట్టు మీద కాలు పెట్టి, ఎవరక్కడ అని గర్జించారు. బకెట్లు ఆగలేదు. విసవిసా ఇంకొన్ని మెట్లెక్కారు. సగం దూరం పోయేసరికి పైకి దారి లేదు, అన్నీ పిల్లలే. కిందికి చూస్తే ఆయన దాటిన మెట్లన్నీ మళ్ళీ నిండిపోయాయి. సరిగ్గా ఆయన నిలబడ్డ చోటే వరసలో ఒక ఖాళీ ఉంది. కింది మెట్టు మీద సత్యవేణి అనే పిల్ల నిండు బకెట్టు ఎత్తి పట్టుకుంది. వెనక ఇంకో బకెట్టు వస్తోంది, దాని వెనక మరొకటి.  ఆ పిల్ల ఆయన మొహంలోకి చూడనైనా చూడకుండా, బకెట్టు ఆయన చేతిలో పెట్టేసింది.

ఆయన దాన్ని కింద పెట్టబోయారు. పెట్టడానికి చోటు లేదు. పారబోయబోయారు. కోటు మీద పడుతుంది. ఎవరినైనా పిలవబోయారు. లేనివారిని పేరు పెట్టి పిలుచుట క్రమశిక్షణా రాహిత్యము. ఆ వాక్యం ఆయన కళ్ళెదుటే గోడమీద ఉంది, కింద ఆయన సంతకంతో సహా. చిదంబరేశ్వరరావుగారు ఆ బకెట్టుని పై పిల్లకి అందించారు. చేతిలోకి ఇంకొకటి వచ్చింది. దాన్నీ అందించారు.

లోపల పిల్లలు గొట్టాలు కడుగుతున్నారు. తెల్లని అవక్షేపాలు, పచ్చని అవక్షేపాలు, పాలలా విరిగే ద్రావణాలు, అన్నీ దేనికది చక్కగా వస్తున్నాయి. ఎగ్జామినర్‌గారు కుళాయిల వంక చూశారు. లక్క చెక్కుచెదరలేదు. తొట్టి వంక చూశారు. పొర్లిపోతోంది. ఏమీ పాలుపోక గుమ్మంలోంచి తొంగిచూసి, కోటు వేసుకుని బకెట్లు అందిస్తున్న ఆ పెద్దమనిషి మీ ప్రిన్సిపాల్‌గారేనా అని అడిగారు.

"ఎక్కడండీ?" అంది హైమవతి.

"అదిగో, ఆ మెట్ల మీద."

"మెట్ల మీద ఎవరూ ఉండరండి. ప్రిన్సిపాల్‌గారి ఉత్తర్వు," అని ఆమె గోడ మీది కాగితం చూపించింది. ఎగ్జామినర్‌గారు దాన్ని సాంతం చదివి, ఆవిడ మొహం చూసి, మీసాల్లో నవ్వుకుని లోపలికి వెళ్ళిపోయారు. నీటి సరఫరా పుష్కలం, మూలం కనబడలేదు అని నివేదికలో రాసి సంతకం పెట్టారు. కెమిస్ట్రీ గ్రూపు నిలబడింది. హైమవతి తొట్టి దగ్గరికి వెళ్ళి దోసెడు నీళ్ళు మొహాన కొట్టుకుంది, ఏడ్చినట్టు పిల్లలకి తెలియకుండా.

సాయంత్రం చిదంబరేశ్వరరావుగారు మెట్లు దిగారు. కోటు పిండితే ఇంకో అరబకెట్టు వచ్చేట్టుంది. రెండు మెట్లు దిగి, ఏదో గుర్తొచ్చి ఆగి, జేబులోంచి ఫోను తీసి లైటు వేసుకుని మిగతా మెట్లు దిగారు. మర్నాడు నూకరత్నం బిందె ల్యాబు గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఎవరు పెట్టారో తెలియదు.

మూలం కనబడకుండా నీరు రావడం క్వాంటం పాలనకి పరాకాష్ఠ అని పైవాళ్ళు ఆ కాలేజీకి పురస్కారం ఇచ్చారు. ప్రతి కళాశాలలోనూ గొట్టాలు లేని రెండు కుళాయిలు బిగించి లక్క వేయాలని ఆదేశాలు వెళ్ళాయి. సన్మాన సభలో మీకేం కావాలో కోరుకోమని పెద్దలు హైమవతిని అడిగారు. మోటారు అడుగుతుందనుకున్నారంతా. ఆ మెట్ల సర్క్యులర్ ఒక్కటీ రద్దు చెయ్యకుండా ఉంటే చాలంది. వేదిక మీద చిదంబరేశ్వరరావుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ గట్టిగా తలూపారు.

ఇప్పుడు ప్రాక్టికల్స్ రోజున ఆయన కోటు గదిలో కుర్చీకి వేలాడుతూ ఉంటుంది. సంతకాల కోసం వచ్చినవాళ్ళు వెతికి వెతికి, వెనకవైపు వెళ్ళి చూసి, ఏమీ అనలేక తిరిగొస్తారు. అక్కడ సత్యవేణికి పై మెట్టు మీద, పంట్లాం మోకాళ్ళదాకా మడుచుకుని, బకెట్టు తర్వాత బకెట్టు అందిస్తూ ఒకాయన కూనిరాగం తీస్తుంటారు. వీర్రాజుని ఎవరడిగినా, ప్రిన్సిపాల్‌గారు లేరండి అనే చెబుతాడు.